హార్మోన్ల రిపోర్టు చదివే ముందు



హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్‌లో ఉండి గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్న ఒక అమ్మాయిని ఊహించుకోండి. ఇరవై అయిదేళ్లుంటాయి. రెండు నెలలుగా డేట్ రాలేదు. దువ్వెన పెడితే జుట్టు ఊడి వస్తోంది. చెబితే అమ్మ కంగారు పడుతుందని ఇంట్లో చెప్పలేదు. రూమ్మేట్ సలహా మీద నారాయణగూడ దాకా నడిచి వెళ్లి, ఒక ల్యాబ్‌లో హార్మోన్ ప్యాకేజీకి డబ్బు కట్టి రక్తం ఇచ్చింది. సాయంత్రానికల్లా రిపోర్టు ఫోన్‌కి వచ్చేసింది. మొదటి పేజీలో పైన ఆమె పేరు, వయసు. దాని కింద ‘రెఫర్డ్ బై’ అన్నచోట ‘సెల్ఫ్’ అని ఉంది. అంటే ఏ డాక్టరూ రాయలేదు, తనంతట తానే వచ్చిందని. ప్రొలాక్టిన్ ఎదురుగా 38 అని లావు అంకెల్లో, పక్కన నక్షత్రం గుర్తు. ఎల్‌హెచ్ చూస్తే ఎఫ్‌ఎస్‌హెచ్ కంటే ఎక్కువగా ఉంది. ఇక ఆ రాత్రి పుస్తకం తెరవలేదు. ఫోన్‌లో వెతికితే ఒకచోట మెదడులో గడ్డ అన్నారు, ఇంకోచోట పిల్లలు పుట్టరన్నారు.

ఈ అమ్మాయిని ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్నలు నాలుగున్నాయి. రక్తం ఇచ్చింది నెలసరి మొదలైన ఎన్నో రోజున? ఎన్ని గంటలకు, ఏ పరిస్థితిలో? ఏయే మాత్రలు వాడుతోంది? ఆమె ఒంట్లో, ఆమె రోజువారీ బతుకులో ఏం జరుగుతోంది? ఈ నాలుగూ తెలియకుండా హార్మోన్ రిపోర్టులోని ఒక్క అంకెకైనా అర్థం చెప్పకూడదు. డాక్టరైనా చెప్పకూడదు, మనకు మనం అసలే చెప్పుకోకూడదు. ఈ పూట నేను మీతో మాట్లాడదలచుకున్నది ఈ ఒక్క సంగతే.

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాల్ని ఎంచుకుని మాట్లాడటానికి కారణం ఉంది. ఆడపిల్లలు చదువు కోసం ఇల్లు దాటి రావడం ఈ పేటలకు కొత్త కాదు. మాడపాటి హనుమంతరావు గారు 1928లో తెలుగు బాలికల కోసం మొదలుపెట్టిన పాఠశాల నారాయణగూడలోనే ఉంది. రాజా బహదూర్ వెంకటరామారెడ్డి మహిళా కళాశాల 1954 నుంచి అక్కడే నడుస్తోంది. ఇవాళ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దుటి నుంచి రాత్రి దాకా కుర్చీ వదలకుండా చదివే పిల్లల్లో అమ్మాయిలు, అబ్బాయిలు ఇద్దరూ ఉన్నారు. జిల్లాల నుంచి వచ్చినవాళ్లు, ఇంటి తిండికి దూరమైనవాళ్లు. పెళ్లయి పిల్లల కోసం చూస్తూ చదువుతున్నవాళ్లు కూడా ఉన్నారు. ఇంటి నుంచి ఫోన్ చేస్తే ప్రిపరేషన్ ఎలా ఉందని అడుగుతాం, డబ్బులు సరిపోయాయా అని అడుగుతాం. నెలనెలా సరిగ్గా వస్తోందా తల్లీ అని అడగడం మాత్రం మరిచిపోతాం. అడిగేవాళ్లు లేనప్పుడు ఆ పిల్లలు తమ ప్రశ్నను తిన్నగా ల్యాబ్ కౌంటర్ దగ్గరికే తీసుకెళ్తున్నారు.

ముందుగా ఆ నక్షత్రం గుర్తు సంగతి చూద్దాం. రిపోర్టులో కుడివైపు వరసలో ఇంత నుంచి ఇంత వరకు అని ఒక హద్దు ఉంటుంది. దాన్ని మనం నార్మల్ రేంజ్ అంటాం. ఆ హద్దును నిర్ణయించే పద్ధతి ఏమిటంటే, ఆరోగ్యంగా ఉన్న కొంతమందిని తీసుకుని వాళ్లకు పరీక్ష చేస్తారు. వచ్చిన ఫలితాల్లో మధ్యలో ఉన్న 95 శాతాన్ని హద్దుగా పెట్టుకుంటారు. అటూ ఇటూ మిగిలిన 5 శాతం మంది కూడా ఆరోగ్యవంతులే. అంటే ప్రతి పరీక్షలోనూ వందమంది ఆరోగ్యవంతుల్లో అయిదుగురికి ఆ గుర్తు పడుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు ఒకేసారి చేయిస్తే, ఏ జబ్బూ లేని మనిషికి కూడా కనీసం ఒకదానిలో గుర్తు పడే అవకాశం వందకు 64. ఫుల్ బాడీ ప్యాకేజీ చేయించుకున్న చాలామందికి ఏదో ఒకటి తేడాగా రావడానికి లెక్క ఇక్కడే ఉంది. ఆ గుర్తు వేసేది యంత్రం. హద్దు దాటిందని మాత్రమే అది చెబుతుంది. జబ్బు ఉందో లేదో చెప్పదు.

ఇంకో సంగతి. హార్మోన్లు మన రక్తంలో నానోగ్రాముల్లో, అంతకంటే తక్కువలో కూడా ఉంటాయి. గ్రామును వందకోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోగ్రాము. అంత కొంచెం పదార్థాన్ని కొలిచే పద్ధతిని 1950ల చివర్లో న్యూయార్క్‌లో రోజలిన్ యాలో, సోలమన్ బెర్సన్ అనే ఇద్దరు కనిపెట్టారు. బెర్సన్ చనిపోయిన తర్వాత, 1977లో యాలోకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు మన ల్యాబుల్లో దాని తర్వాతి తరం యంత్రాలున్నాయి. అయితే ఒక్కో కంపెనీ యంత్రం ఒక్కో తీరుగా కొలుస్తుంది. కొలమానాలు కూడా వేరు. అండాల నిల్వను చెప్పే ఏఎమ్‌హెచ్ ఒక ల్యాబ్‌లో 2 అని, మరో ల్యాబ్‌లో 14 అని వస్తే కంగారు పడకండి. మొదటిది నానోగ్రాముల్లో, రెండోది పికోమోల్స్‌లో ఇచ్చి ఉండవచ్చు. అప్పుడు రెండూ దాదాపు ఒకటే. అందుకని ఒక హార్మోన్‌ను మళ్లీ మళ్లీ చూసుకోవలసి వస్తే ఒకే ల్యాబ్‌లో చూసుకోండి. పక్కింటావిడ రిపోర్టుతో మీ రిపోర్టు పోల్చుకోకండి.

ఇక మొదటి ప్రశ్న, ఎన్నో రోజు. స్త్రీ శరీరంలో ఈ హార్మోన్లు నెల పొడుగునా ఒక్కలా ఉండవు. మెదడు అడుగున ఉండే పిట్యుటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే రెండు హార్మోన్లు పంపి అండాశయాన్ని పిలుస్తుంది. అండాశయం బదులుగా ఈస్ట్రడయాల్ పంపుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టరాన్ పంపుతుంది. అండాశయం బాగా పలికితే పిట్యుటరీ గొంతు తగ్గిస్తుంది. పలకనివాణ్ణి పది ఇళ్లకు వినపడేలా కేకేసి పిలిచినట్టు, అండాశయం పలకకపోతే ఎఫ్‌ఎస్‌హెచ్ పెరుగుతుంది. ఇవి ఇలా నెల పొడుగునా మారుతుంటాయి కాబట్టే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఈస్ట్రడయాల్ పరీక్షలను నెలసరి రెండో రోజు, మూడో రోజు ప్రాంతంలో చేస్తారు. అప్పుడు అవి ప్రాథమిక స్థాయిలో ఉంటాయి కాబట్టి పోల్చడానికి వీలు. నెల మధ్యలో, అండం విడుదలకు ముందు ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ రోజున రక్తం ఇచ్చిన అమ్మాయికి ఎల్‌హెచ్ ఎక్కువ అని వస్తే అది జబ్బు కాదు, ఒళ్లు సవ్యంగా పనిచేస్తోందనడానికి గుర్తు.

ప్రొజెస్టరాన్ విషయంలో ఇంకా పెద్ద పొరపాటు జరుగుతోంది. దాన్ని 21వ రోజున చేయించుకోవాలని అందరూ అనుకుంటారు. ఆ లెక్క 28 రోజులకొకసారి నెలసరి వచ్చేవాళ్లకే సరిపోతుంది. అసలు సూత్రం, రాబోయే నెలసరికి సుమారు ఏడు రోజుల ముందు చేయించుకోవాలి. 35 రోజులకు వచ్చేవాళ్లకు అది 28వ రోజు అవుతుంది. 35 రోజులకొకసారి నెలసరి వచ్చే అమ్మాయి 21వ రోజున పరీక్ష చేయించుకుంటే, అప్పటికి అండం విడుదలయ్యే వేళే కాకపోవచ్చు. ప్రొజెస్టరాన్ తక్కువని, అండం విడుదల కావడం లేదని ముద్ర పడుతుంది. సరైన రోజున మిల్లీలీటరుకు 3 నానోగ్రాములు దాటితే అండం విడుదలైనట్టే లెక్క.

రోజు లెక్కపెట్టడం ఎలా? మొదట మరకలా కనిపించిన రోజును కాదు, సరిగ్గా బ్లీడింగ్ మొదలైన రోజును ఒకటో రోజుగా లెక్కపెట్టాలి. వరలక్ష్మీ వ్రతమనో, పెళ్లనో, తిరుపతి ప్రయాణమనో డేట్ వాయిదా వేసే మాత్రలు వేసుకున్న నెలలో ఈ పరీక్షలు పెట్టుకోకండి. ఆ మాత్రల్లో ఉన్నదీ హార్మోనే. మాత్ర ఆపాక వచ్చిన బ్లీడింగ్, ఒళ్లు తనంతట తాను తెచ్చుకున్న నెలసరి రెండూ ఒకటి కావు. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నవాళ్లకు టెస్టోస్టిరాన్ వంటివి చూడాలంటే మూడు నెలల ముందు నుంచీ ఆపి చూడమంటారు. అలా ఆపాలా వద్దా అన్నది డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవలసిన సంగతి.

రెండో ప్రశ్న, ఎన్ని గంటలకు, ఏ పరిస్థితిలో. మన అమ్మాయి ప్రొలాక్టిన్ 38కి ఇప్పుడు వద్దాం. గర్భం లేని స్త్రీలకు చాలా ల్యాబుల్లో హద్దు మిల్లీలీటరుకు సుమారు 25 నానోగ్రాములు. ప్రొలాక్టిన్ అనేది చాలా సున్నితమైన హార్మోన్. నిద్రలో పెరుగుతుంది. మెలకువ వచ్చిన వెంటనే ఎక్కువగానే ఉంటుంది. భయపడితే పెరుగుతుంది. సూది చూసి గుండె దడదడలాడినా పెరుగుతుంది. అందుకే లేచిన రెండు మూడు గంటల తర్వాత, కాసేపు నిమ్మళంగా కూర్చుని ఇవ్వమంటారు. రాత్రంతా చదివి, పొద్దున్నే పరుగున వచ్చి, మెట్లెక్కి, ఆయాసంతోనే చెయ్యి చాచిన అమ్మాయికి 38 రావడం వింత కాదు. ఇలా కొంచెం పెరిగినప్పుడు మొదట చేయవలసింది మళ్లీ ఒకసారి సరైన పద్ధతిలో పరీక్ష. స్కానింగ్‌కు పరిగెత్తడం కాదు. పిట్యుటరీలో గడ్డ గురించి గట్టిగా అనుమానించేది అంకె 200 దాటినప్పుడు. ఆ గడ్డల్లో కూడా దాదాపు అన్నీ క్యాన్సర్ కానివే. ఎక్కువభాగం మాత్రలతోనే తగ్గుతాయి.

మూడో ప్రశ్న మాత్రలు. హాస్టల్ తిండితో కడుపు ఉబ్బరించిందనో, మంట అనో మెడికల్ షాపులో గ్యాస్ మాత్ర అడిగి తెచ్చుకుంటాం. ఆ షీటు వెనక్కి తిప్పి చదవండి. చాలావాటిలో యాసిడ్ తగ్గించే మందుతో పాటు డోంపెరిడోన్ గానీ, లెవోసల్పిరైడ్ గానీ కలిపి ఉంటుంది. ఈ రెండూ ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి. నెలల తరబడి వాడితే నెలసరి కూడా తప్పవచ్చు. అంటే ఆ అమ్మాయికి డేట్ తప్పడానికీ, అంకె పెరగడానికీ మూలం ఆమె బ్యాగులో ఉన్న గ్యాస్ మాత్రే కావచ్చు. దాన్ని డాక్టరు సలహాతో కొన్ని రోజులు ఆపి మళ్లీ పరీక్ష చేస్తే సంగతి తేలిపోతుంది. మానసిక వ్యాధులకు వాడే కొన్ని మందులు కూడా ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి. వాటిని మాత్రం ఎవరూ సొంతంగా ఆపకండి, రాసిన డాక్టరును అడిగి తీరాలి.

ఇక జుట్టు మాత్రలు. జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నవాళ్లు చాలామంది. బయోటిన్ ఒక విటమిన్, దాంతో ఒంటికి హాని లేదు. కానీ కొన్ని యంత్రాలు హార్మోన్లను కొలిచే పద్ధతిలోనే బయోటిన్‌ను వాడతాయి. రక్తంలో ఆ విటమిన్ ఎక్కువగా ఉంటే యంత్రం లెక్క తప్పుతుంది. టీఎస్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ వంటివి ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తాయి. టీ4, ఈస్ట్రడయాల్, టెస్టోస్టిరాన్ వంటివి ఎక్కువగా కనిపిస్తాయి. లేని థైరాయిడ్ జబ్బు ఉన్నట్టు రిపోర్టు రావచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీని గురించి 2017లోనే హెచ్చరించింది. కాబట్టి పరీక్షకు రెండు మూడు రోజుల ముందు బయోటిన్ ఆపండి, వాడుతున్నానని కౌంటర్‌లో చెప్పండి.

నాలుగో ప్రశ్న, ఒంట్లో ఏం జరుగుతోంది. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. డేట్ తప్పినప్పుడు మొట్టమొదట చూడవలసింది గర్భం ఉందా లేదా అని. కలయిక జరిగి ఉంటే, పెళ్లయినా కాకపోయినా, మూత్రంతో చేసే చిన్న పరీక్ష ముందు చేయాలి. గర్భంతో ఉన్నప్పుడు కూడా ప్రొలాక్టిన్ పెరుగుతుంది. అత్యవసర గర్భనిరోధక మాత్ర, అదే 72 గంటల మాత్ర వేసుకుంటే తర్వాతి నెలసరి కొన్ని రోజులు ముందుకో వెనక్కో జరగవచ్చు. ఆ మాట డాక్టరుకు చెప్పడానికి సిగ్గుపడనక్కర్లేదు. చెప్పినవాళ్లను చిన్నచూపు చూసే హక్కు ఏ డాక్టరుకూ లేదు.

ఆ తర్వాత తిండి, నిద్ర, బరువు. గ్రూప్స్ పరీక్ష దగ్గరపడే కొద్దీ ఒక పూట ఇడ్లీ, ఒక పూట టీ బిస్కెట్లతో గడిపేసే పిల్లలున్నారు. రెండు మూడు నెలల్లో నాలుగైదు కిలోలు తగ్గి, నిద్ర నాలుగు గంటలకు దిగి, ఒత్తిడి తలకెక్కితే, ఈ ఒంటికి ఇప్పుడు గర్భం మోసే శక్తి లేదని మెదడు తీర్మానించుకుంటుంది. అండాశయానికి వెళ్లే పిలుపు తగ్గిస్తుంది. రిపోర్టులో ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ తక్కువగానో, మామూలుగానో ఉంటాయి. ఈస్ట్రడయాల్ తక్కువగా ఉంటుంది. దీనికి మందు కడుపునిండా తిండి, కంటినిండా నిద్ర. వదిలేస్తే ఎముకలు బలహీనపడతాయి. దీన్ని పీసీఓడీ అనుకుని, బరువు తగ్గమని ఆ పిల్లకు సలహా ఇస్తే అంతకంటే అపకారం లేదు.

పీసీఓడీ అంటే అండాశయంలో నీటి బుడగలు అని మనలో స్థిరపడిపోయింది. స్కానింగ్‌లో బుడగలు కనిపించినంత మాత్రాన పీసీఓడీ కాదు. అవి నిజానికి ఎదగక ఆగిపోయిన చిన్న చిన్న అండాల తిత్తులు. 2003లో రోటర్‌డామ్‌లో నిపుణులు ఒక కొలబద్ద పెట్టారు. నెలసరి సరిగా రాకపోవడం ఒకటి. పురుష హార్మోన్లు ఎక్కువగా ఉండటం రెండు, అది రక్తంలో తేలినా సరే, గడ్డం మీద వెంట్రుకలు, తీవ్రమైన మొటిమల రూపంలో కనిపించినా సరే. స్కానింగ్‌లో అలాంటి తిత్తులు ఎక్కువగా ఉన్న అండాశయం కనిపించడం మూడు. ఈ మూడింటిలో రెండు ఉండాలి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ వంటి ఇతర కారణాలు లేవని తేలాలి. 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు పెద్దవాళ్లలో స్కానింగ్‌కు బదులు ఏఎమ్‌హెచ్ చూసినా సరిపోతుందన్నాయి. టీనేజి పిల్లలకు మాత్రం స్కానింగూ వద్దు, ఏఎమ్‌హెచ్చూ వద్దు అన్నాయి. వాళ్లకు మొదటి రెండు లక్షణాలూ కలిసి ఉంటేనే ఆ పేరు పెట్టాలి. రజస్వల అయిన కొత్తలో నెలసరి అటూ ఇటూ కావడం సహజం. పదహారేళ్ల పిల్లకు ఒక్క స్కానింగ్‌తో పీసీఓడీ అని ముద్ర వేసి, పిల్లలు పుడతారో లేదో అని ఇంటిల్లిపాదీ బాధపడటం అన్యాయం.

ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌కి రెట్టింపు ఉంటే పీసీఓడీ అని చాలామంది ఇప్పటికీ లెక్కలు వేస్తారు. రోటర్‌డామ్ కొలబద్దలో ఈ లెక్క లేదు. మన అమ్మాయి రిపోర్టులో ఎల్‌హెచ్ ఎక్కువగా ఉండటం ఒక్కటే దేనికీ రుజువు కాదు. పీసీఓడీ ఖాయమైతే అసలు చూసుకోవలసినది వేరే ఉంది. గ్లూకోజ్ తాగించి చేసే షుగర్ పరీక్ష, కొలెస్టరాల్, రక్తపోటు చూసుకోవాలి. ఈ సమస్య ఉన్నవాళ్లకు షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ. బరువు ఎక్కువ ఉన్నవాళ్లు అయిదు నుంచి పది శాతం తగ్గినా చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. పీసీఓడీ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి పిల్లలు పుడతారు. కొందరికి అండం విడుదలకు మాత్రల సాయం కావాలి, అంతే.

ఇక పిల్లల కోసం చూస్తున్న దంపతుల మాట. ఈ మధ్య ఏఎమ్‌హెచ్ పేరు చెబితే చాలు గుండెలు జారిపోతున్నాయి. అండాశయంలో అండాల నిల్వ ఎంత ఉందో ఇది సుమారుగా చెబుతుంది. ఐవీఎఫ్‌లో ఇంజెక్షన్లకు ఎన్ని అండాలు రావచ్చో అంచనా వేయడానికి పనికొస్తుంది. సహజంగా గర్భం వస్తుందా రాదా అన్నది చెప్పదు. 2017లో అమెరికా వైద్యసంఘం పత్రిక జామాలో ఒక అధ్యయనం వచ్చింది. సంతానలేమి సమస్య ఏమీ లేని, 30 నుంచి 44 ఏళ్ల లోపు 750 మంది స్త్రీలను గమనించారు. ఏఎమ్‌హెచ్ తక్కువగా ఉన్నవాళ్లు, మామూలుగా ఉన్నవాళ్లు దాదాపు ఒకే తీరున గర్భం దాల్చారు. అండాల నాణ్యతకు ముఖ్యం స్త్రీ వయసు. కాబట్టి ఏఎమ్‌హెచ్ 0.9 వచ్చిందని ఇరవై ఏడేళ్ల అమ్మాయి కుమిలిపోనక్కర్లేదు. ఎవరైనా ఆ ఒక్క కాగితం చూపించి వెంటనే ఐవీఎఫ్ అంటే, రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోండి. 35 ఏళ్ల లోపు స్త్రీకి ఏడాది పాటు, 35 దాటితే ఆరు నెలలు ప్రయత్నించాక పరీక్షలు మొదలుపెట్టాలన్నది వైద్యుల నియమం. నెలసరి అసలే సరిగా రానివాళ్లు అంతదాకా ఆగక్కర్లేదు.

ప్రయత్నం మొదలుపెట్టే ముందు ఏ ప్యాకేజీ కంటే మేలు చేసే పని ఒకటుంది. గర్భం రావడానికి కనీసం నెల ముందు నుంచి రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోవడం. బిడ్డ వెన్నుపాము, మెదడు లోపాలను అది చాలావరకు ఆపుతుంది. ఆ ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని 1940లలో అమెరికాలో నడిపించినవాడు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మాత్ర ఇప్పుడు ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగా దొరుకుతుంది.

ఇప్పుడు మగవాళ్లతో ఒక మాట. పిల్లలు కలగని జంటల్లో సుమారు సగం మంది విషయంలో మగవారి వైపు కారణం విడిగానో, స్త్రీ కారణంతో కలిసో ఉంటుంది. అయినా భార్య రక్తం నాలుగుసార్లు తీయించి, భర్త ఒక్కసారి వీర్యపరీక్షకు వెళ్లని ఇళ్లు ఎన్నో. సూది లేని, నొప్పి లేని పరీక్ష అది. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి ఇవ్వాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం మిల్లీలీటరుకు కోటీ అరవై లక్షల కణాలు కింది హద్దు. అంతకంటే తగ్గినా పిల్లలు పుట్టరని కాదు. వీర్యకణం తయారు కావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. మొన్న వచ్చిన జ్వరం ప్రభావం ఇవాళ్టి రిపోర్టులో కనిపించవచ్చు. అందుకే తేడా వస్తే కొన్ని వారాలు ఆగి మళ్లీ చూస్తారు. టెస్టోస్టిరాన్ పొద్దున పరగడుపున చూడాలి, తక్కువ వస్తే మరో రోజు మళ్లీ చూడాలి. జిమ్ములో కండల కోసం టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకునే తమ్ముళ్లు ఇది వినాలి. బయటి నుంచి ఆ హార్మోన్ ఎక్కిస్తే పిట్యుటరీ పిలవడం మానేస్తుంది. వృషణాల్లో కణాల తయారీ పడిపోతుంది, కొందరికి సున్నా అవుతుంది. ఆపాక తిరిగి రావడానికి నెలలు పట్టవచ్చు, ఏడాది దాటవచ్చు.

నలభై అయిదు దాటిన అమ్మలకు కూడా చెప్పాలి. నెలసరి అటూ ఇటూ అవుతోంది, ఒంట్లోంచి వేడి ఆవిర్లు వస్తున్నాయి అంటే అది ముట్లుడిగే దశ. దాన్ని తేల్చడానికి ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్ష అక్కర్లేదు. ఈ వయసులో ఆ అంకె ఈ నెల ఒకలా, వచ్చే నెల ఇంకోలా ఉంటుంది. నలభై ఏళ్లు నిండకుండానే నెలసరి ఆగితే మాత్రం పరీక్ష తప్పనిసరి. పూర్తిగా ఆగిన ఏడాది తర్వాత ఒక్క చుక్క కనిపించినా వెంటనే చూపించుకోవాలి. ఇంకో సంగతి. గర్భసంచి తీయించుకున్న స్త్రీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ముందు వరసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. హార్మోన్ల తేడాతో వచ్చే ఎక్కువ బ్లీడింగ్‌ను చాలాసార్లు మందులతో అదుపు చేయవచ్చు. గర్భసంచి తీసేయాలని ఎవరైనా అంటే, ఇంకే దారీ లేదా అని తప్పక అడగండి.

మరి ఎక్కడికి వెళ్లాలి? ముందు డాక్టరు దగ్గరికి, తర్వాతే ల్యాబ్‌కు. డబ్బు లేదని ఆగిపోకండి. మీ దగ్గరలోని బస్తీ దవాఖానాలో గానీ, పట్టణ ఆరోగ్య కేంద్రంలో గానీ డాక్టరు రాస్తే అక్కడే రక్తం తీసుకుంటారు. ఆ శాంపిళ్ల పరీక్షకు తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పేరుతో 2018లో పరీక్షా కేంద్రాన్ని పెట్టింది ఎక్కడో కాదు, నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఆవరణలోనే. థైరాయిడ్ పరీక్ష ఆ ఉచిత పరీక్షల్లో ఉంది. ఇంకా లోతుగా చూడవలసి వస్తే ముషీరాబాద్‌లో గాంధీ ఆస్పత్రి ఉంది, సుల్తాన్ బజార్‌లో ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రి ఉంది. గాంధీలో 2023లో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం కూడా ప్రారంభించారు.

వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద ఇవి రాసుకుని వెళ్లండి. గత ఆరు నెలల డేట్లు. ఆఖరి నెలసరి మొదలైన రోజు. వాడుతున్న ప్రతి మాత్ర పేరు, గ్యాస్ మాత్ర, జుట్టు మాత్ర, ఆయుర్వేదం, జిమ్ పొడి అన్నీ. ఈ మధ్య బరువు ఎంత పెరిగింది, ఎంత తగ్గింది. రాత్రి ఎన్ని గంటల నిద్ర. పిల్లల కోసం చూస్తుంటే ఎంత కాలంగా. డాక్టరుకు ప్యాకేజీ రిపోర్టు కంటే ఈ కాగితం ఎక్కువ పనికొస్తుంది. ఏ పరీక్ష కావాలో, ఏ రోజున కావాలో దాన్నిబట్టే తేలుతుంది. రాసిన పరీక్ష ఏదైనా, దీని ఫలితాన్నిబట్టి నా చికిత్సలో ఏం మారుతుందండీ అని అడగండి. అది అడగదగ్గ ప్రశ్న.

మూడు నెలలుగా నెలసరి రాకపోయినా, ఏడాదికి ఎనిమిదిసార్ల కంటే తక్కువగా వస్తున్నా, గంటకో ప్యాడ్ నిండిపోతున్నా, గర్భం లేకుండా చనుమొనల నుంచి పాలు కారుతున్నా, తలనొప్పితో పాటు చూపు మసకబారుతున్నా, గొంతు బొంగురుపోయి వెంట్రుకలు వేగంగా పెరుగుతున్నా, గ్రూప్స్ పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకోకండి. వెంటనే వెళ్లండి.

తల్లిదండ్రులకు, అన్నలకు, భర్తలకు ఒక విన్నపం. రిపోర్టు పట్టుకుని ఏడుస్తున్న పిల్లను, నీకు పెళ్లెలా అవుతుంది అని అడగకండి. తోడుగా డాక్టరు దగ్గరికి వెళ్లండి. డాక్టరుకు చూపించే ఆ వివరాల కాగితం రాయడంలో సాయం చేయండి. వచ్చేసారి ఫోన్ చేసినప్పుడు ప్రిపరేషన్ గురించి అడిగే ముందు తిన్నావా, నిద్రపోతున్నావా, నెలనెలా సరిగ్గా వస్తోందా అని అడగండి. ఆ ప్రశ్న ఇంటి నుంచి వస్తే, సగం భయం అక్కడే తీరిపోతుంది. మిగతా సగం తీర్చడానికి డాక్టర్లున్నారు, మందులున్నాయి.